విప్పకూడని శుభలేఖ

టెలిఫోన్ ఆపరేటరుగా చేరిన మొదటి రోజు మా సూపర్‌వైజరమ్మ నాకు నేర్పిన పాఠం రెండే మాటలు: కలుపు, వినకు. ఒక ఊరి గొంతును ఇంకో ఊరి గొంతుతో కలిపేసి, హెడ్‌సెట్ చెవి మీంచి కాస్త పక్కకు జరుపుకుని కూర్చోవాలి. మొగుడూ పెళ్లాల తగాదాలు, మిర్చి బేరాలు, చావు కబుర్లు, పుట్టిన బిడ్డ ఆడో మగో తెలుసుకోవాలన్న ఆత్రాలు, అన్నీ నా చేతుల మీదుగానే దాటిపోయాయి. విన్నావా అని అడిగితే లేదనే చెబుతాను. పెన్షను ఇంకా వస్తోంది కదా.

ఈమధ్య మా వీధి పిల్లలు నాకు పాఠాలు చెబుతున్నారు. "అమ్మమ్మా, తెలియని లింకు నొక్కకు. ఎవరు ఏం పంపినా విప్పకు" అని. చెప్పండి నాయనా, సంతోషమే. కానీ మీరు ఇంకా పలక మీద అక్షరాలు దిద్దుకుంటున్న రోజుల్లో, ఈ గుంటూరులో కూర్చుని, ఇళ్లల్లోని కంప్యూటర్లను కాపాడడానికి నేనొక పూటంతా గొంతు చించుకున్నాను. ఆ పూట గురించి రాయాలని చాలాకాలంగా ఉంది. అందులో నేను గర్వపడే పని ఒకటుంది, సిగ్గుపడే పని ఒకటుంది. రెండూ చెబితేనే లెక్క సరిపోతుంది.

తొంభైల చివర్లో, మేం ఊళ్ల కాల్స్ కలిపే ట్రంకు బోర్డు మూసేశారు. ఎస్టీడీ వచ్చాక మా అవసరం ఎవరికుంది? కొందరు స్వచ్ఛందంగా విరమించారు. నేనూ, నా పక్క సీటులో ఇరవై ఏళ్లు పనిచేసిన నా స్నేహితురాలూ మాత్రం కదలలేదు. మమ్మల్ని బిల్లుల గదిలో వేశారు, రికార్డుల గదిలో వేశారు, ఒక ఏడాది ఎక్కడ వేశారో మాకే తెలియలేదు. ఆ తరువాత బ్రాడ్‌బ్యాండ్ వచ్చింది. ఇళ్లల్లో కంప్యూటర్లు, వాటికి మా ఫోను తీగ. ఫిర్యాదులు వినడానికి మనుషులు కావాలన్నారు. పదిరోజుల శిక్షణ ఇచ్చి మమ్మల్నిద్దర్నీ మళ్లీ ఫోను ముందు కూర్చోబెట్టారు. అప్పటికి నాకు యాభై దాటాయి. మౌస్ పట్టుకుంటే బాణం గుర్తు నా మాట వినేది కాదు కానీ, ఫోను ఎత్తితే మాత్రం నేను మహారాణిని.

మాకొక తనిఖీ పట్టిక ఇచ్చారు. నెట్ రావడం లేదంటే మొదట ఏం అడగాలి, తరువాత ఏం చేయించాలి, అన్నీ మెట్లు మెట్లుగా అందులో ఉన్నాయి. దాన్ని నేను విష్ణు సహస్రనామంలా బట్టీపట్టాను. అందులో మూడో మెట్టు: నెట్ నెమ్మదిగా ఉంటే యాంటీవైరస్ ఆపి చూడమనండి. నిజంగానే ఆ రోజుల్లో ఆ ప్రోగ్రాములు కంప్యూటరు గొంతు మీద కూర్చునేవి. ఆపగానే నెట్ పరుగెత్తేది. "వచ్చిందండీ, భలే వచ్చిందండీ" అని అవతలివాళ్లు మురిసిపోయేవారు. నేను ఫిర్యాదు మూసేసి ఇంకో ఫోను ఎత్తేదాన్ని. నెలాఖరుకి అందరికంటే ఎక్కువ ఫిర్యాదులు మూసింది నేనే అని ఆఫీసు బోర్డు మీద నా అంకె రాసేవారు.

మళ్లీ దాన్ని ఆన్ చేయించమనే మెట్టు ఆ పట్టికలో లేదు. నాకూ తట్టలేదు.

కంప్యూటర్లో ఎక్కించే ఫిర్యాదు కాక, ఆఫీసు రిజిస్టరు ఒకటి తీసుకుని నాదంటూ ఒక పుస్తకం పెట్టుకున్నాను. ఆపరేటర్ల అలవాటు అది. ఎవరు చేశారు, ఎందుకు చేశారు, నేనేం చెప్పాను, అన్నీ చేత్తో రాసుకునేదాన్ని. చెవిలో పడింది చేతిలోకి దిగిపోవాలి, మధ్యలో బుర్ర అడ్డం రాకూడదు. ట్రంకు బోర్డు మీద అలా రాయకపోతే ఒకరి కాల్ ఇంకొకరికి పోతుంది. నా స్నేహితురాలు నన్ను ఏడిపించేది. "కంప్యూటర్ల ఫిర్యాదు కాగితం మీద రాస్తావేమే, నీకు చాదస్తం" అని. ఆ చాదస్తమే ఆ రోజు అక్కరకొచ్చింది.

అది మాఘమాసం. గుంటూరులో మాఘమాసమంటే రెండు విషయాలు. మిర్చి యార్డుకి లారీలు బారులు తీరతాయి, ముహూర్తాలు వరసపెట్టి వస్తాయి. మా ఆఫీసు కిటికీలు మూసుకున్నా మిరప ఘాటు లోపలికి వచ్చేది. ఫోను ఎత్తి "నమస్కారం" అనే లోపు ఒక తుమ్ము. అవతలివాళ్లూ తుమ్మేవారు. ఇళ్లకు వెళ్లి కంప్యూటర్లు విప్పే మా మెకానిక్కులు, లోపలి ఫ్యాను రెక్కలకి ఎర్రగా కారం పట్టి ఉంటుందని చెప్పి నవ్వేవారు.

ఆ శనివారం పదింటికి మొదటి ఫోను మంగళగిరి నుంచి వచ్చింది. ఆడగొంతు.

"మేడమ్, నా బొమ్మలన్నీ పోయినాయండీ."

నాకు ఆమె తెలుసు. అంటే గొంతు తెలుసు. చేనేత కుటుంబంలోకి వచ్చిన కోడలు. వాళ్ల మామగారు చీరల అంచులు వేయడంలో పేరున్న నేతగాడు. ఆయన గీసుకున్న గళ్ల కాగితాలు చెదలు తినేశాయి. ఆయన కళ్లూ పోయాయి. అయినా అంచులన్నీ ఆయన నోట్లో ఉన్నాయి. ఏ వరసలో ఎన్ని గళ్లు నింపాలో, ఎన్ని వదలాలో ఆయన చెబుతుంటే, ఈమె పక్కన కూర్చుని కంప్యూటర్లో గీసింది. మూడేళ్లు. అరవై నాలుగు అంచులు. పుష్యమాసంలో ఆయన కాలం చేశారు. ఇదంతా పాత ఫిర్యాదుల మధ్య ఆమె నాతో చెప్పినవే.

"పోయినాయంటే ఎలాగమ్మా? కంప్యూటరు తెరుచుకోవడం లేదా?"

"తెరుచుకుంటంది. పేర్లన్నీ ఉన్నాయి. విప్పితే లోపల ఏం లేదు. తెల్లగా ఉంది. ఒక్కటి కాదు మేడమ్, అన్నీనూ."

"నిన్నటినుంచి ఏమైనా కొత్తగా విప్పారా?"

"పెళ్లి పత్రిక వచ్చిందండీ మెయిల్లో. గుంటూరులో మేం చీరలిచ్చే షాపాయన దగ్గర్నుంచి. మా ఆయన విప్పాడు. అందులో ఏమీ లేదు. పెళ్లి పత్రిక కదండీ, విప్పకుండా పక్కన పెడితే బాగుంటదా?"

ఇదిగో, ఇది మీకు చెప్పాలి. పత్రిక వేషంలో వచ్చిన ఈ వైరస్ ఎక్కడ పుట్టిందో నాకు తెలియదు. దాన్ని పుట్టించినవాడికి మా గుంటూరు జిల్లా అంటూ ఒకటుందని కూడా తెలిసి ఉండదు. ఇంగ్లీషులో పెళ్లి ఆహ్వానమని పేరు పెట్టి లోకమంతా వదిలాడు. కానీ మాఘమాసంలో, తెలిసినవాళ్ల పేరుతో, పెళ్లి పత్రిక వస్తే విప్పనివాళ్లు మా వైపు ఎవరుంటారు? పత్రిక అందుకుని, విప్పి, అక్కడికక్కడే ముహూర్తం చదివి, "తప్పకుండా వస్తాం" అనాలి. అలా చేయకపోతే బంధుత్వాలు తెగిపోతాయి. ఇంకెక్కడివాళ్లకైనా అనుమానం వస్తుందేమో కానీ మాకు రాదు. మా మర్యాదే మా కొంప ముంచింది.

"అమ్మా, యాంటీవైరస్ ఉంది కదా. అదేమీ అడ్డు చెప్పలేదా?"

"అది ఆపేసుందండీ. కార్తీకంలో మీరే ఆపమన్నారు కదా మేడమ్. మళ్లీ పెట్టమని చెప్పలేదు కదా."

అందులో కోపం లేదు. ఉన్న మాట చెప్పింది, అంతే. కోప్పడి ఉంటే నాకు బాగుండేదేమో. నేను పుస్తకం తిరగేశాను. కార్తీకమాసం. మంగళగిరి. నెట్ నెమ్మది. దాని కింద నా అక్షరాలే: యాంటీవైరస్ ఆపమన్నాను, నెట్ వచ్చింది, సంతోషించారు. ఫిర్యాదు మూసేశాననుకున్నాను. ఇంటి తలుపు తీసి పెట్టానన్నమాట.

"అమ్మా, తప్పు నాది" అన్నాను. ముప్పై ఏళ్ల ఉద్యోగంలో ఆ మాట ఫోనులో అనడం అదే మొదలు. శాఖలో అలా అనకూడదు కూడా. "ముందు ఆ ఫోను తీగ కంప్యూటరు నుంచి పీకేయండి. ఆ బొమ్మలు ఇంకెక్కడైనా ఉన్నాయా? సీడీ మీద గానీ, ఎవరికైనా పంపడం గానీ?"

"దసరాకి మా అన్నయ్యకి పంపాను మేడమ్. దర్శిలో ఉంటాడు. స్కూలు మాస్టారు. రంగుల్లో ప్రింటు తీయించి పెడతానంటే మెయిల్లో కొన్ని కొన్నిగా అప్పటికి గీసినవన్నీ పంపాను. ప్రింటయితే తీయించలేదు. ఆయన కంప్యూటర్లో ఉండాలి."

నాకు ఊపిరి అందింది. వెంటనే ఇంకో ఆలోచన వచ్చి మళ్లీ ఆగింది. ఆ వైరస్ పని ఎలాంటిదంటే, ఒక ఇంట్లో విప్పగానే ఆ ఇంటివాళ్లకు తెలిసిన అందరికీ అదే పత్రిక తనంతట తానే వెళ్లిపోతుంది. షాపాయన దగ్గర్నుంచి వీళ్లకి అలాగే వచ్చింది. వీళ్ల దగ్గర్నుంచి అన్నగారికి నిన్న రాత్రే వెళ్లి ఉంటుంది. చెల్లెలి పేరుతో వచ్చిన పెళ్లి పత్రికను ఏ అన్న విప్పడు?

"ఆయన మెయిల్ చూశాడంటారా?"

"ఇంకా చూసి ఉండడండీ. రోజూ మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చి చూస్తాడు. ఒంటిగంటకి. వదిన కూడా టీచరే. ఇప్పుడు ఇంట్లో ఎవరూ ఉండరు."

దర్శి నంబరు తీసుకుని మోగించాను. ఎత్తేవాళ్లు లేరు. స్కూలు ఫోను పాడై రెండు నెలలైందట. సరే, ఒంటిగంటకి ఆయన ఇంటికి రాగానే పట్టుకుందాం అనుకున్నాను.

ఈ లోపు పుస్తకం నా ముందే ఉంది. కార్తీకం నుంచి మాఘం దాకా తిరగేశాను. 'ఆపమన్నాను' అన్న మాట ఎన్నిచోట్ల ఉందో వేలితో లెక్కపెట్టాను. నలభై మూడు ఇళ్లు. గుంటూరు, మంగళగిరి, చుట్టుపక్కల. నలభై మూడు తలుపులు తీసిపెట్టి, బోర్డు మీద నా అంకె చూసుకుని మురిసిపోతూ కూర్చున్నాను.

పుస్తకం పట్టుకుని మా ఇంజనీరు గారి దగ్గరకి వెళ్లాను. ఆయన మంచివాడే కానీ కాగితానికి భయపడే మనిషి. రిటైరవడానికి రెండేళ్లుంది. విషయం విని కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"ఇప్పుడు మీరు నలభై మూడు ఇళ్లకు ఫోన్ చేసి, మేము ఆపమన్నందుకు మీకు ప్రమాదం వచ్చిందని చెబుతారా? శాఖ మీదకి రాదా అమ్మా? పై నుంచి రాతపూర్వకంగా ఏదైనా వచ్చేదాకా ఆగండి."

"అది వచ్చేసరికి పత్రికలన్నీ విప్పేస్తారండీ."

"ఎవరు విప్పమన్నారు? మనం విప్పమన్నామా?"

"తాళం తీయమన్నది మనమే కదండీ."

ఆయన నా వైపు చూడలేదు. గోడ గడియారం చూశారు. పదీ ముప్పావు. "నేను భోజనానికి వెళ్తున్నాను" అన్నారు. "నాకు మూడు గంటలు పడుతుంది. నేను లేనప్పుడు ఇక్కడేం జరిగిందో నాకు తెలియదు."

ఆయన రోజూ ఇంటి నుంచి క్యారియర్ తెచ్చుకుని ఆ బల్ల దగ్గరే పావుగంటలో తినే మనిషి. ఆ క్యారియర్ బల్ల మీదే ఉంది. దాన్ని అక్కడే వదిలేసి బయటకు నడిచారు.

నేను, నా స్నేహితురాలు పేజీలు పంచుకున్నాం. ఆమె పుస్తకం రాయకపోయినా నేరం ఇద్దరిదీ. ఆమెకీ అదే పట్టిక, అదే మూడో మెట్టు. "నీ చాదస్తం చల్లగుండ" అని ఫోను ఎత్తింది. నేను ట్రంకు బోర్డు ముందు కూర్చున్నట్టే కూర్చున్నాను. చెప్పవలసింది మూడు ముక్కలకు కుదించుకున్నాను. పెళ్లి పత్రిక మెయిల్లో వస్తే విప్పొద్దు. ఫోను తీగ పీకండి. ఆపిన యాంటీవైరస్‌ని ఇప్పుడే, నేను లైన్లో ఉండగానే, మళ్లీ పెట్టండి.

ఒక ఇంట్లో ఇల్లాలు తీరిగ్గా సమాధానం చెప్పింది. "మా కంప్యూటరుకి ఏం కాదండీ. నిమ్మకాయా మిరపకాయలూ కట్టాం." అవి అలాగే ఉంచి ఇది కూడా పెట్టండి అన్నాను. ఇంకో ఇంట్లో మిర్చి కమీషన్ వ్యాపారి. పత్రిక నిన్ననే వచ్చిందట. "విప్పారా?"

"ఎందుకు విప్పుతాం?" ఆయన గొంతు ఖంగుమంది. "ఇంటికొచ్చి బొట్టు పెట్టి పిలవకుండా కంప్యూటర్లో పడేస్తే, ఆ పెళ్లికి మేం వెళ్తామా? ఎవరనుకున్నాడు మమ్మల్ని?"

ఆయన పౌరుషానికి ఫోనులోనే దణ్ణం పెట్టాను. ఆ ఏడాది గుంటూరులో అంతకంటే మంచి యాంటీవైరస్ నేను చూడలేదు.

అప్పటికే విప్పేసినవాళ్లు ఐదుగురున్నారు. ఒకాయన నన్ను నోటికొచ్చినట్టు తిట్టాడు. తిట్టనిచ్చాను. మిగతావాళ్లకి వేళకు అందాం.

పన్నెండున్నర దాటగానే దర్శికి మోగించాను. ఎంగేజ్. నిమిషం ఆగి మళ్లీ. ఎంగేజ్. అప్పుడు తట్టింది. శనివారం. స్కూలు తొందరగా వదిలేసి ఉంటారు. దర్శిలో అప్పటికింకా బ్రాడ్‌బ్యాండ్ లేదు. పాత పద్ధతి, ఫోను లైను మీదే నెట్. నెట్ వాడుతున్నంతసేపూ ఫోను ఎంగేజే. అంటే మాస్టారు కంప్యూటరు ముందు కూర్చున్నారు. ఒక్కొక్క మెయిలూ మెల్లగా దిగుతోంది. ఆ వరసలో చెల్లెలి పత్రిక కూడా ఉంది.

పూర్వమైతే నడుస్తున్న కాల్ మధ్యలోకి దూరి "అర్జంటండీ" అనే హక్కు మాకుండేది. ఆటోమేటిక్ ఎక్స్ఛేంజి వచ్చాక అదీ పోయింది. మంగళగిరికి చేశాను. "వేరే నంబరేమైనా ఉందా?" అంటే, "లేదండీ, సెల్లు లేదు" అని ఆమె ఏడుపు మొదలుపెట్టింది.

ఆ ఏడుపు వినగానే నాకు గుర్తొచ్చింది. ఆ ఏడుపు నేను ముందే విన్నాను. పదీ పన్నెండేళ్ల కిందట, ఆదివారం పొద్దున్నే మంగళగిరి నుంచి దర్శికి ట్రంకు కాల్. కొత్త పెళ్లికూతురు అన్నయ్యతో మాట్లాడుతూ ఏడ్చేది. అప్పుడు మాస్టారి ఇంట్లో ఫోను లేదు. పి.పి. నంబరు. మీకు తెలియదు కదూ. ఇంట్లో ఫోను లేనివాళ్లు ఎదురింటివాళ్ల నంబరిచ్చి పక్కన పి.పి. అని రాసుకునేవారు. ఫోను వస్తే ఎదురింటివాళ్లు కేకేసి పిలవాలి. పెళ్లిపత్రికల మీద కూడా అలాగే అచ్చువేయించుకునేవారు. మాస్టారికి ఎదురుగా ఎరువుల కొట్టు. ఆ కొట్టుది మూడంకెల నంబరు. ఆ తరువాత ఎక్స్ఛేంజి మారినప్పుడు ముందు ఏ అంకెలు కలిశాయో నాకు తెలుసు. నా వేళ్లు నన్నడగకుండానే నొక్కేశాయి.

"ఎవరూ?" మోటు గొంతు, వెనక బస్తాలు దించుతున్న చప్పుడు.

"నేనండీ, గుంటూరు ట్రంకు ఆపరేటర్ని."

కొట్టు అదిరేలా నవ్వు. "అమ్మో, నువ్వా తల్లీ! నీ గొంతు విని ఎన్నేళ్లయింది! ట్రంకు కాల్సు ఎత్తేశారన్నారే?"

"ఎత్తేశారు. ఎదురింటి మాస్టారు కంప్యూటరు ముందు ఉంటారు. ఒక్క పరుగున వెళ్లి, మెయిల్లో వచ్చిన పెళ్లి పత్రిక విప్పొద్దని చెప్పండి."

"పెళ్లి పత్రికా? ఎవరిదీ? మనోళ్లదేనా?"

"ఎవరిదీ కాదు! ముందు వెళ్లండి. మాట వినకపోతే వైరు పీకేయండి."

"ఏ వైరు?"

"ఏదో ఒకటి!"

రిసీవరు బల్ల మీద పడేసిన చప్పుడు వినిపించింది. చెప్పుల చప్పుడు. రోడ్డు అవతల నుంచి సన్నగా కేక. "మాస్టారూ! ఒయ్ మాస్టారూ! ఆగవయ్యా, ముట్టుకోమాక!" తరువాత ఏమీ లేదు. ఒక లారీ హారను. ఎవరో తుమ్మారు. నేను రిసీవర్ని చెవికి అదుముకుని కూర్చున్నాను. నా స్నేహితురాలు తన ఫోను పెట్టేసి నా వైపే చూస్తోంది.

అప్పుడు కొట్టు యజమాని మళ్లీ లైన్లోకి వచ్చాడు. రొప్పుతున్నాడు. "పీకానమ్మా. కంప్యూటరు వైరు పీకా, ఫోను వైరు పీకా, పనిలో పని టీవీది కూడా పీకా. మాస్టారు నా మీద కారాలు నూరుతున్నాడు. అన్నం కూడా తినకుండా కూర్చున్నాడంట, పత్రిక అప్పుడే దిగిందంట. పెళ్లి ఎవరిదో చూద్దామని బాణం గుర్తు దాని మీద పెట్టాడంట!"

నేను ఏడ్చాను. యాభై ఏళ్లు దాటిన ప్రభుత్వోద్యోగిని, పని వేళల్లో, ఆఫీసు ఫోను పట్టుకుని ఏడ్చాను. చెప్పుకోవడానికి నాకేం సిగ్గులేదు.

రెండింటికి ఇంజనీరు గారు వచ్చారు. ఎక్కడ తిరిగారో, చొక్కా చెమటకు తడిసిపోయి ఉంది. "ఏమైనా విశేషాలా?" అన్నారు. "ఏం లేవండీ" అన్నాను. చల్లారిపోయిన క్యారియర్ విప్పుకుని తిన్నారు.

సోమవారం మాస్టారు స్కూలుకి సెలవు పెట్టి వచ్చారు. కంప్యూటరు డబ్బాని దుప్పట్లో చుట్టి, దర్శి బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చారు. తీగ తగిలించడానికి కూడా భయపడ్డారట. మా మెకానిక్కులు ఆ పత్రికను విప్పకుండానే తీసిపారేసి, బొమ్మలన్నీ సీడీల మీదకి ఎక్కించారు. వారం తిరగకుండా ఆమె మా ఆఫీసుకి వచ్చింది. గొంతు తప్ప మనిషిని చూడడం అదే మొదటిసారి. నేననుకున్నదానికంటే పొట్టి, నవ్వుమొహం.

"అరవై దొరికినాయి మేడమ్" అంది.

"మిగతా నాలుగు?"

"దసరాకి పంపింది అరవైనే. ఆ తరువాత కార్తీకంలో మామయ్య నాలుగు చెప్పాడు. అవే ఆఖరివి. అవి మాత్రం నా దాంట్లోనే ఉన్నాయి." నవ్వు మొహం అలాగే ఉంది కానీ కళ్లు పక్కకు తిప్పుకుంది. "పోనీలెండి. అరవై దొరికినాయి కదా."

ఆ పోనీలెండి నాకు పడలేదు. ఆ నాలుగూ పోవడానికి నేనే కారణం. నా తప్పు ఆమెకు చూపించాలనిపించింది. పుస్తకం తెచ్చి కార్తీకమాసం పేజీ తీసి, "ఇదిగో, ఆపమన్నానని నేనే రాసుకున్నాను" అని వేలు పెట్టాను.

ఆమె నా వేలిని చూడలేదు. పక్కన అంచులో చూసింది.

"మేడమ్, ఈ అంకెలేంటండీ?"

పేజీ అంచున పైనుంచి కిందకి సన్నగా అంకెలు. మూడు, రెండు, ఐదు, ఒకటి, ఏడు. ఒకటి విడిచి ఒకదాని పక్కన అడ్డగీత. నేనే రాశాను, ఎందుకు రాశానో నాకు గుర్తు రాలేదు. తరువాత నెమ్మదిగా తట్టింది. ఆ రోజు కంప్యూటరు ఆపి మళ్లీ తెరిచేదాకా ఆగండని చెప్పాను. చాలాసేపు పట్టింది. ఆమె రిసీవరు పక్కన పెట్టింది. వెనక ఎవరో పెద్దాయన, తనలో తను లెక్క చెప్పుకుంటున్నట్టు, ఆగకుండా ఇన్ని నింపు, ఇన్ని వదులు అని చెబుతున్నాడు. నా చేతిలో పెన్ను ఉంది. చెవిలో పడింది చేతిలోకి దిగిపోయింది. వినకు అన్నారు కానీ, రాయకు అని నాకెవరూ చెప్పలేదు.

"చదవండి మేడమ్" అంది ఆమె.

"మూడు నింపు" అన్నాను. "రెండు వదులు. ఐదు నింపు. ఒకటి వదులు. ఏడు నింపు."

ఆమె బల్ల మీదున్న ఫిర్యాదు ఫారం తిరగేసి గళ్లు గీయడం మొదలుపెట్టింది. నేను చదువుతున్నాను. సగం దాకా వచ్చేసరికి నేను చెప్పకముందే ఆమె పెదాలు ఆ అంకెలు పలుకుతున్నాయి. మొత్తం అయ్యాక ఆ కాగితాన్ని ఎత్తి వెలుతురులో పెట్టి చూసింది. నాకు చిన్న చిన్న నల్ల గళ్లు తప్ప ఏమీ అర్థం కాలేదు. ఆమెకు అర్థమైంది.

"నాలుగులో ఒకటి" అంది. "ఆఖర్న చెప్పింది ఇదే."

మిగతా మూడూ ఇప్పటికీ లేవు. అది నా ఖాతాలో ఉంది. కానీ ఆ ఒక్కటీ మంగళగిరి మగ్గాల మీద ఎన్నిసార్లు నేశారో లెక్కలేదు.

ఆమె వెళ్లే ముందు ఆ పేజీ చింపి చేతిలో పెట్టాను. ప్రభుత్వ ఆస్తిని పాడుచేయడం నా సర్వీసులో అదొక్కసారే. కానీ ఆ పేజీతో పాటు నా తప్పు కూడా పుస్తకంలోంచి వెళ్లిపోతుంది కదా. అందుకని పక్క పేజీలో ఎర్ర సిరాతో మళ్లీ రాశాను: యాంటీవైరస్ ఆపమన్నాను. మళ్లీ పెట్టించలేదు. కింద సంతకం పెట్టాను. ఆ రోజు నుంచి నా పుస్తకంలో ఒక కొత్త గడి గీసుకున్నాను. దాని పైన 'మళ్లీ పెట్టించానా' అని రాసి ఉంటుంది. ఆ గడిలో టిక్కు పడకుండా రిటైరయ్యేదాకా ఒక్క ఫిర్యాదూ మూయలేదు. బోర్డు మీద నా అంకె మాత్రం మరెప్పుడూ మొదటి స్థానంలోకి రాలేదు.

ఆ ఏడాది తనిఖీలో మా ఇంజనీరు గారు నా పుస్తకం తిరగేశారు. చిరిగిన పేజీ దగ్గర ఆగారు. ఎర్ర సిరా చదివారు. నా వైపు చూడకుండా పెన్ను తీసి, కాగితానికి భయపడే ఆ మనిషి, కింద స్వహస్తాలతో రాశారు: ఒక పేజీ చెదలు తిన్నాయి. విచారణ అవసరం లేదు.